నెత్తి మీద లొటలొట

పాత కారు మూగది కాదు. ఒంట్లో ఎక్కడ తేడా వచ్చినా చెబుతూనే ఉంటుంది. బ్రేకు ప్యాడ్లు అరిగితే కీచుమంటుంది. బేరింగు పోతే గుంయ్‌మంటుంది. సైలెన్సరుకి చిల్లు పడితే వీధి మొత్తాన్నీ నిద్రలేపుతుంది. ఇవన్నీ కింద నుంచి వచ్చే చప్పుళ్ళు. మెకానిక్ బండి కిందకి దూరాడంటే దొరికిపోతాయి. మా బండికి మాత్రం జబ్బు నెత్తికెక్కింది.

మూడేళ్ళ క్రితం విజయవాడలో ఓ సెడాన్ సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నాం. అప్పటికే దానికి ఎనిమిదేళ్ళు. ఇంజిను బాగుంది, టైర్లు బాగున్నాయి, రేటు కూడా మా తాహతుకి అందేలానే ఉంది. అయినా నేను ఇంకా నసుగుతుంటే, మా అమ్మాయి లోపల కూర్చుని ఏదో మీట నొక్కింది. నెత్తి మీద పలక జరిగి ఆకాశం కనబడింది. "నాన్నా, సన్‌రూఫ్!" అంది. అంతే, బేరం కుదిరిపోయింది.

బందరులో సన్‌రూఫ్ ఏం చేసుకుంటారని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. మార్చి నుంచి జూన్ దాకా పగటిపూట దాన్ని తెరిస్తే మాడు పగులుతుంది. జులై నుంచి నవంబరు దాకా ఎప్పుడు వాన దంచుతుందో తెలీదు. ఇక మిగిలింది సంక్రాంతికి కాస్త ముందూ, కాస్త వెనకా. అదీ సాయంత్రం పూట. మంగినపూడి బీచి నుంచి తిరిగొస్తూ ఆ పలక తెరిస్తే సముద్రపు గాలి చల్లగా లోపలికి దిగుతుంది. ఆ నాలుగు సాయంత్రాల కోసం ఏడాది పొడుగునా అంత బరువు అద్దాన్ని నెత్తిన మోస్తున్నామన్నమాట.

తర్వాత అమ్మాయికి పెళ్ళయింది. ఇచ్చింది గుడివాడ. నెలకి రెండుసార్లయినా పెడన, గుడ్లవల్లేరు మీదుగా ప్రయాణం తప్పదు. కిందటేడు ఎండాకాలంలో ఓసారి అలా వెళుతున్నాం. పెడన దాటగానే మొదలైంది. టకటక... టకటక. రోడ్డు నున్నగా ఉన్నచోట ఆగుతుంది, గతుకు రాగానే మళ్ళీ లొటలొటమంటుంది.

"డిక్కీలో ఆవకాయ జాడీ కదులుతోందేమో చూడండి" అంది మా ఆవిడ. బండి ఆపి జాడీ తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టాను. చప్పుడు ఆగలేదు. కళ్ళజోడు పెట్టె, సీటు బెల్టు కొక్కెం, వెనక సీట్లో గొడుగు... ఒక్కొక్కటే చేత్తో పట్టుకుని చూశాం. గుడివాడ చేరేసరికి మా చేతుల్లో లేని వస్తువంటూ కార్లో మిగల్లేదు. చప్పుడు మాత్రం మిగిలింది. చివరికి ఆవిడ తలెత్తి సన్‌రూఫ్ అద్దానికి అరచెయ్యి ఆనించింది. ఠక్కున ఆగిపోయింది. చెయ్యి తీస్తే మళ్ళీ మొదలు!

మన డెల్టాలో ఈ రోగానికి కారణాలు వెతుక్కోనక్కర్లేదు. చాలాచోట్ల కింద నల్లరేగడి నేల. వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలిస్తుంది. దాని మీద ఎంత బాగా రోడ్డు వేసినా కొన్నాళ్ళకి అలలు తేలుతుంది. ఆ అలల మీద వెళ్ళే కారు శరీరం ఇటొకసారీ అటొకసారీ కొద్దికొద్దిగా మెలితిరుగుతుంది. ఒకే రేకుతో ఉన్న కప్పు ఆ మెలికని తట్టుకుంటుంది. నడిమధ్య కిటికీ కోసి, అందులో పట్టాలూ, వాటిపై జరిగే అద్దం బిగించిన కప్పయితే ఎక్కడ పట్టు సడలితే అక్కడ మూలుగుతుంది. దీనికి తోడు సముద్రపు ఉప్పుగాలి. స్క్రూలని తినేస్తుంది, రబ్బరుకీ మేలు చెయ్యదు.

ఆరు వందల తెలివి

చప్పుడు ఎక్కడిదో తెలిసింది కదా అని ఓ సర్వీస్ సెంటరుకి తీసుకెళ్ళాను. కంప్యూటర్లో ఏవో నంబర్లు చూసి "సెట్టు మొత్తం మార్చాలి సార్" అన్నారు. అరవై రెండు వేలు. ఆ అంకె వినగానే చప్పుడు అంత చెడ్డదేమీ కాదనిపించింది.

మా ఊళ్ళోనే ఓ కుర్రాడు ధైర్యం చెప్పాడు. "మీరు ఎటూ తెరవరు కదా సార్. మూసేద్దాం" అన్నాడు. నల్లటి సిలికాన్ గమ్ము ట్యూబులు రెండు తెచ్చి అద్దం చుట్టూ దట్టించాడు. ఆరు వందలు పుచ్చుకున్నాడు. చప్పుడు నిజంగానే ఆగిపోయింది. అరవై రెండు వేల పనిని ఆరు వందలకి ముగించానని మూడు నెలలపాటు కనబడినవాళ్ళందరికీ చెప్పుకున్నాను. ఆ మాట ఇప్పుడు మీకెందుకు చెబుతున్నానంటే, ఈ తెలివితేటలు నా ఒక్కడి సొత్తు కావు.

సన్‌రూఫ్ అనేది ఒకప్పుడు బాగా ఖరీదైన కార్లకే ఉండేది. మధ్యతరగతి వాళ్ళం దాన్ని సినిమాల్లో చూసేవాళ్ళం. 2014లో వచ్చిన హోండా సిటీ, 2015లో మహీంద్రా ఎక్స్‌యూవీ500 లాంటి బళ్ళ పై రకాల్లో అది కనబడింది. 2023లో వచ్చిన హ్యుందాయ్ ఎక్స్‌టర్ నాటికి చిన్న కార్లలోకీ దిగింది. ఆనాడు మొదట కొన్నవాళ్ళ బళ్ళన్నీ ఇప్పుడు పదేళ్ళు దాటి, చేతులు మారి, మనలాంటి వాళ్ళ ఇళ్ళ ముందు వేపచెట్ల కింద నిలబడుతున్నాయి. అద్దాలు లొటలొటమనడం మొదలుపెట్టే వయసు ఇదే. గమ్ము ట్యూబుల అమ్మకం పెరిగే కాలమూ ఇదే.

మోపిదేవి దారిలో

మనవడికి పదకొండో నెల వచ్చింది. పుట్టువెంట్రుకలు మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుళ్ళో తీయించాలని మొక్కు. అటునుంచి అటే అవనిగడ్డ వెళ్ళి మా అత్తగారింట్లో భోజనం. అక్టోబరు నెల. ముందురోజే ముసురు పట్టింది. మంచిరోజు దాటిపోతుందని బయల్దేరాం.

చల్లపల్లి దగ్గరపడేసరికి ఆకాశం చిల్లు పడ్డట్టయింది. వైపర్లు ఎంత ఊడ్చినా రోడ్డు కనబడటం లేదు. నా పక్కన, ముందు అద్దాన్ని ఆనుకుని ఉన్న స్తంభం మీద సన్నటి నీటిచార కనబడింది. తలుపు సరిగ్గా పడలేదేమో అనుకున్నాను. తర్వాత కప్పు మధ్య లైటు దగ్గర్నుంచి ఓ చుక్క. ఆ వెనకే ఇంకోటి. చూస్తుండగానే ధార కట్టింది. అమ్మాయి ఒళ్ళో నిద్రపోతున్న బాబు మొహం మీద పడింది. వాడు ఉలిక్కిపడి గుక్కపట్టాడు.

అంతటితో అయిపోతే తుండుగుడ్డతో సరిపెట్టుకునేవాళ్ళం. కప్పులో దీపం దానంతటదే వెలిగి ఆరడం మొదలెట్టింది. కాసేపటికి మీటర్ల మధ్య ఎయిర్‌బ్యాగ్ గుర్తు వెలిగి అలాగే ఉండిపోయింది. ప్రమాదం జరిగితే పిల్లల్ని కాపాడాల్సిన దాని వైర్లలోకి నీళ్ళు పోయాయన్నమాట. రోడ్డు పక్కన ఓ బడ్డీకొట్టు దగ్గర బండి ఆపేశాను. ఆరు వందల తెలివి ఎంత ఖరీదైందో అప్పుడు అర్థమైంది.

వాన తగ్గాక గుడికి వెళ్ళి మొక్కు తీర్చుకున్నాం. కృష్ణ పాయ దాటి అవనిగడ్డ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. మా మామగారికి ఎనభై దాటాయి. ఉద్యోగమంతా కాలువల మీద, మురుగు డ్రెయిన్ల మీద చేసి రిటైరైన మనిషి. ఆయనకి కార్ల సంగతి ఏమీ తెలీదు. నీళ్ళ సంగతి మాత్రం తెలుసు. గొడుగేసుకుని వచ్చి తడిసిన సీట్లూ, కప్పూ, చుట్టూ పూసిన గమ్మూ చూశారు.

"అల్లుడుగారూ, ఇందులోకి నీళ్ళు రాకుండా చెయ్యాలని చూశారా? వచ్చిన నీళ్ళు పోయేలా చెయ్యాలని చూశారా?" అని అడిగారు.

"రాకుండానే మావయ్యగారూ. అందుకేగా గమ్ము పెట్టించింది."

"మరి వస్తే ఎటు పోవాలి?"

నా దగ్గర జవాబు లేదు. ఆయనే చెప్పారు. బెజవాడ దగ్గర ఆనకట్ట 1855 నాటికి పూర్తయింది. దాని చోట ప్రకాశం బ్యారేజీ వచ్చింది 1957లో. పొలానికి నీళ్ళు తేవడం మనకి అలా వచ్చింది. నది పాయ మీదుగా కూడా అక్విడక్టు కట్టి, పులిగడ్డ దగ్గర కాలువని దాటించి దివిసీమకి నీళ్ళు ఇచ్చాం. కానీ తెచ్చిన నీళ్ళూ, పడిన వానా సముద్రంలోకి పోయే దారి లేకపోతే పంట కుళ్ళిపోతుంది. అందుకే కృష్ణా గోదావరి డెల్టాల కోసం 1968లో డ్రైనేజీ సెస్సుకి ఏకంగా ఒక చట్టమే చేశారు. "తెచ్చే కాలువని అందరూ చూస్తారు బాబూ. తీసుకుపోయే డ్రెయిను ఎవరికీ పట్టదు. గుర్రపుడెక్క పట్టి అది పూడిపోయాక, ఊళ్ళోకి నీళ్ళొచ్చినప్పుడు గుర్తొస్తుంది" అన్నారు.

1977 నవంబరు 19 ఉప్పెనని కళ్ళారా చూసిన మనిషి ఆయన. నీళ్ళతో వాదన పెట్టుకోకూడదంటారు. దారి చూపించి పంపెయ్యాలంటారు. కారు గురించి అయినా ఆయన మాట అదే.

తూముని పూడ్చారు

వారం తర్వాత గుడివాడలో మా అల్లుడికి తెలిసిన షెడ్డుకి తీసుకెళ్ళాం. అరవై దాటిన మెకానిక్. బండి చుట్టూ ఒకసారి తిరిగి, గమ్ము మీద గోటితో గీకి, నవ్వాడు.

"కాలవ గట్టుకి గండి పడితే పూడ్చాలి సార్. మీవాడు గండి వదిలేసి తూముని పూడ్చాడు" అన్నాడు.

మామగారూ ఈయనా ఒకరినొకరు ఎరగరు. మాట మాత్రం ఒకటే! ఆయన విప్పి చూపిస్తూ చెప్పింది విన్నాక నా కళ్ళు తెరుచుకున్నాయి. మనమంతా అనుకున్నట్టు సన్‌రూఫ్ చుట్టూ ఉండే రబ్బరు నీటిని పూర్తిగా ఆపదు. ఆపాలని దాన్ని తయారు చెయ్యనూ లేదు. అది చాలావరకు ఆపుతుంది. మిగతాది లోపలికి దిగుతుందని తయారుచేసినవాళ్ళకి ముందే తెలుసు. అందుకే అద్దం కింద చుట్టూతా ఒక తొట్టి లాంటి ఫ్రేము ఉంటుంది. మామూలుగా దాని నాలుగు మూలలా నాలుగు రంధ్రాలు, వాటికి నాలుగు సన్నటి రబ్బరు పైపులు. ముందు రెండూ ముందు అద్దం పక్క స్తంభాల్లోంచి దిగి తలుపుల మడతబందుల దగ్గరో, చక్రం పైభాగం దగ్గరో బయటికి వస్తాయి. వెనక రెండూ వెనక స్తంభాల్లోంచి దిగి బంపరు దగ్గరికి పోతాయి. అంటే ప్రతి సన్‌రూఫూ ఒక చిన్న డెల్టానే. మనం దాని డ్రెయిన్ల మొహం ఏనాడూ చూడలేదు.

మా బండి తొట్టిలోంచి ఏమేం వచ్చాయో చెబితే నవ్వుతారు. వేపపువ్వు, వేపాకు ఈనెలు, నూర్పిళ్ళప్పుడు రోడ్ల మీద లేచే వరిపొట్టు, రైస్ మిల్లుల వైపు నుంచి వచ్చిన ఊక దుమ్ము. అన్నీ కలిసి నల్లటి ముద్దయ్యాయి. దాని మీద మన కుర్రాడి గమ్ము జారి ముందు కుడివైపు రంధ్రాన్ని పూర్తిగా మూసేసింది. పైన మాత్రం గమ్ము ఎండకి ఆరి, గతుకులకి రెండుచోట్ల చీలింది. నీళ్ళు రావడానికి దారి ఉంది, పోవడానికి లేదు. తొట్టి నిండాక అవి లైటు వైర్ల వెంట తమ దారి తాము చూసుకున్నాయి.

మరి చప్పుడు సంగతి? అద్దాన్ని పట్టాల మీది చట్రానికి పట్టి ఉంచే స్క్రూలు మా బండికి నాలుగు. వాటిలో రెండు వదులయ్యాయి, ఒకటి తుప్పుపట్టి తల అరిగింది. చుట్టూ ఉన్న రబ్బరు బీడింగు ఎండకి గట్టిపడి చదునైపోయింది. పట్టాల్లో గ్రీజు ఇసుకతో కలిసి ముద్ద కట్టింది. గమ్ము చేసిన పని ఏమిటంటే, వదులైన స్క్రూల మాట మనకి వినబడకుండా నోరు మూసింది. చప్పుడే ఒక హెచ్చరిక. దాన్ని ఆపితే జబ్బు ఆగినట్టు కాదు.

గమ్ముని ప్లాస్టిక్ బ్లేడుతో గీకడానికే సగం పూట పట్టింది. తొట్టి కడిగి, పైపులు శుభ్రం చేసి, పట్టాలు తుడిచి, కొత్త స్క్రూలు వేశాడు. బీడింగు మాత్రం విజయవాడ ఆటోనగర్ నుంచి తెప్పించాడు. అన్నీ కలిపి నాలుగు వేల ఏడు వందలు. "ఎయిర్‌బ్యాగ్ వైర్లు మాత్రం నేను ముట్టుకోను సార్. అది తెలిసినవాళ్ళే చూడాలి" అని చెప్పి పంపాడు. తెలీని పని తెలీదని చెప్పే మెకానిక్ దొరకడం అదృష్టం. ఆ పని వేరేచోట చేయించాం. కనెక్టరు ఆరబెట్టి, శుభ్రం చేశాక గుర్తు ఆరిపోయింది.

మీ బండి లొటలొటమంటోందా?

షెడ్డుకి వెళ్ళే ముందు ఇంటిల్లిపాదీ చెయ్యగల పరీక్షలు కొన్ని ఉన్నాయి. ఒకరు నెమ్మదిగా గతుకుల రోడ్డు మీద నడపాలి. ఇంకొకరు పక్క సీట్లో కూర్చుని లోపలి తెర వెనక్కి జరిపి, అద్దాన్ని అరచేత్తో మెల్లగా పైకి ఒత్తాలి. చప్పుడు ఆగితే అద్దం స్క్రూలో, రబ్బరో. ఆగకపోతే తెరని పట్టుకుని చూడండి. చాలా బళ్ళలో లొటలొటలాడేది ఆ తెరే. అదీ కాకపోతే కళ్ళజోడు పెట్టె, ఎండ తెర, సీటు బెల్టు ఎత్తు మార్చే పట్టీ, కప్పు మీద యాంటెన్నా. వేలకి వేలు పోసి సన్‌రూఫ్ విప్పించి, చివరికి కళ్ళజోడు పెట్టె అని తేలితే బాధ కదా.

అద్దం పైకి లేపినప్పుడు మాత్రమే చప్పుడొస్తే దాన్ని లేపే చేతులు వదులైనట్టు. పూర్తిగా తెరిచినప్పుడే వస్తే ముందుభాగంలో లేచే గాలి అడ్డుపలక స్ప్రింగు చూడాలి. చలికాలం పొద్దున్న ఎక్కువగా వచ్చి, ఎండెక్కాక తగ్గితే గట్టిపడిన రబ్బరు మీద అనుమానం పెట్టుకోవచ్చు.

రబ్బరు పట్టు చూడటానికి ఒక కాగితం ముక్క చాలు. అద్దం తెరిచి, అంచు మీద కాగితం పెట్టి మూసి, మెల్లగా లాగండి. చుట్టూ పది చోట్ల చూడండి. అన్నిచోట్లా ఒకేలా బిగువుగా ఉంటే మంచిది. ఎక్కడైనా తేలిగ్గా జారి వస్తే అక్కడ రబ్బరు అరిగిందో, అద్దం ఎత్తు తప్పిందో అన్నమాట. అద్దం ఎత్తుకి కూడా ఒక లెక్కుంది. సాధారణంగా ముందు అంచు కప్పుతో సమానంగా గానీ వెంట్రుకవాసి కిందకి గానీ ఉండాలి. వెనక అంచు సమానంగా గానీ వెంట్రుకవాసి పైకి గానీ ఉండాలి. ఇది తారుమారైతే గాలి హోరు మొదలవుతుంది. స్క్రూలు బిగించేటప్పుడు ఈ ఎత్తు సరిచూడకపోతే లొటలొట పోయి ఈల వస్తుంది.

ఇక నాలుగు పైపులు. అద్దం తెరిచి, తొట్టి మూలలో టీ గ్లాసు సగం నీళ్ళు మెల్లగా పొయ్యండి. కాసేపట్లో ఆ వైపు బండి కింద నీళ్ళు పడాలి. ముందు రెండు మూలలూ చేతికి అందుతాయి. వెనకవి చాలా బళ్ళలో అందవు. వాటిని షెడ్డులో చూపించాలి. నీళ్ళు పోకుండా నిలబడితే వెంటనే పంక్చరు షాపుకి పరిగెత్తి కంప్రెసర్ గాలి కొట్టించకండి. ఆ దెబ్బకి పైపు మూల నుంచి ఊడిపోతే, ఇక నీళ్ళు నేరుగా స్తంభంలోకీ, కార్పెట్ కిందకీ పోతాయి. ఇనప తీగ కూడా వద్దు, పైపుకి చిల్లు పడుతుంది. మా మెకానిక్ వాడింది చేపల వలల దుకాణంలో దొరికే లావుపాటి నైలాన్ దారం. కొన మొద్దుగా ఉండేలా కాస్త కాల్చి, తిప్పుకుంటూ మెల్లగా దించాడు. మన తీరంలో దానికి కొరత లేదు.

రాయాల్సినవీ రాయకూడనివీ కూడా చెప్పుకోవాలి. పట్టాలకి సిలికాన్ గ్రీజు గానీ, కంపెనీ పుస్తకంలో చెప్పిన గ్రీజు గానీ రాయాలి. అదీ పాతది తుడిచాకే, పల్చగా. ఇంజిన్ ఆయిలూ, కొబ్బరినూనే వద్దు. దుమ్ముని పిలిచి కూర్చోబెడతాయి. తుప్పు వదిలించే స్ప్రేలు కూడా పట్టాల్లో కొట్టకూడదు, ఉన్న గ్రీజుని కడిగేస్తాయి. రబ్బరుని తడిగుడ్డతో తుడిస్తే చాలు. పెట్రోలు, కిరోసిను తగిలితే ఉబ్బి పాడవుతుంది.

ఇంకో చిన్న సంగతి. బ్యాటరీ తీసి పెట్టాక కొన్ని బళ్ళలో సన్‌రూఫ్ తన కొలతలు మర్చిపోతుంది. సగం మూసుకుని మళ్ళీ తెరుచుకుంటుంది. మోటారు పోయిందని కంగారు పడకండి. చాలావాటిలో మూసే మీటని కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే మళ్ళీ నేర్చుకుంటుంది. మీ బండికి ఎలాగో కారుతో వచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది. మోటారు నిజంగా మూలుగుతుంటే మాత్రం బలవంతంగా మీట నొక్కుతూ ఉండొద్దు. లోపలి తీగ తెగితే అప్పుడు నిజంగానే సెట్టు మార్చాలి.

అద్దానికి పగులు కనబడినా, చేత్తో ఒత్తితే అద్దమే కదిలిపోతున్నా టేపు అంటించి హైవే ఎక్కకండి. వేగంలో గాలి ఆ అద్దాన్ని పైకి లాగుతుంది. అది ఎగిరితే వెనక వచ్చే మోటారు సైకిలు మీదివాడికి ప్రాణం మీదికి వస్తుంది.

పిల్లల తలలు

సన్‌రూఫ్ బాగుచేయించాక మొదట వచ్చే కోరిక ఏమిటో మీకూ తెలుసు. పిల్లల్ని నిలబెట్టి తల బయట పెట్టించడం. పెళ్ళి ఊరేగింపుల్లో చూస్తూనే ఉన్నాం. 2025 సెప్టెంబరులో బెంగళూరులో అలా నిలబడి వెళుతున్న ఓ చిన్నారి తల, పెద్ద బళ్ళు రాకుండా రోడ్డుకి అడ్డంగా పెట్టిన ఇనప కమ్మీకి కొట్టుకుంది. నడిపేవాళ్ళకి ఆ కమ్మీ తమ బండికి తగలదనే తెలుసు. పైన ఇంకో తల ఉందన్న సంగతే గుర్తుండలేదు. మన దగ్గర రైల్వే గేట్ల ముందు ఎత్తు కమ్మీలున్నాయి. కాలవ గట్ల మీద వంగిన చెట్ల కొమ్మలున్నాయి. వీధికి అడ్డంగా వేలాడే కేబుల్ వైర్లయితే లెక్కే లేదు. సడన్ బ్రేకు పడితే ఇవేవీ అక్కర్లేదు, అద్దం అంచే చాలు. ఆకాశం చూడాలంటే సీట్లో కూర్చుని, బెల్టు పెట్టుకునీ చూడొచ్చు.

పాత బండి కొనబోతున్నవాళ్ళకి కూడా ఒక మాట. సన్‌రూఫ్ చూపించగానే మా అమ్మాయిలా మురిసిపోకండి. కప్పు గుడ్డ మీద గోధుమరంగు మరకలున్నాయేమో, స్తంభాల పక్కన తడి వాసన వస్తోందేమో, కాళ్ళ కింద కార్పెట్ ఎత్తితే చెమ్మ తగులుతుందేమో చూడండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకి విజయవాడలో ఎన్ని కార్లు మునిగాయో మన కళ్ళతో చూశాం. కార్పెట్ కింద చెమ్మ కనబడితే అది పైనుంచి వచ్చిందా, కిందనుంచి వచ్చిందా అని అడగడంలో తప్పులేదు.

మేం ఇప్పుడు ఏడాదికి రెండుసార్లు నాలుగు మూలలూ చూస్తున్నాం. తొలకరికి ముందోసారి, నూర్పిళ్ళు అయ్యాక ఇంకోసారి. పది నిమిషాల పని. పైపుల్లోంచి నీళ్ళు కింద పడగానే మా ఆవిడ అవనిగడ్డకి ఫోను చేసి "నాన్నగారూ, డ్రెయిన్లు పారుతున్నాయి" అని చెబుతుంది. ఆయనకి అదో తృప్తి.

మొన్న సంక్రాంతికి అమ్మాయీ అల్లుడూ వచ్చారు. సాయంత్రం అందరం మంగినపూడి వెళ్ళాం. తిరిగొస్తూ పలక తెరిచాం. బాబు వెనక తన పిల్లల సీట్లో బెల్టు పెట్టుకుని కూర్చుని, నోరు తెరిచి ఆకాశంకేసి చూస్తున్నాడు. గుండు మీద అప్పుడప్పుడే దట్టంగా మొలుస్తున్న జుట్టుని సముద్రపు గాలి దువ్వుతోంది. బండిలో చప్పుడన్నది లేదు.

బందరు పొలిమేరల్లో ఓ గతుకు వచ్చింది. టకటక మంది. నా గుండె జారిపోయింది. మా ఆవిడ తాపీగా అంది, "కంగారుపడకండి. ఈసారి నిజంగానే ఆవకాయ జాడీ."